కుచ్చిళ్ళ ఎత్తు

కుట్టుపని నాది.
మెడలో టేపు ఎప్పుడూ వేలాడతా ఉంటుంది.
దాంతోనే ఈ తిరుపతిని కొలిచినా.

కొర్లగుంట టీ అంగడి మెట్టు నాలుగంగుళాలు,
కుర్చీని వెనక్కి తిప్పి ఎక్కితే ఎక్కచ్చు.
బ్యాంకుది ఏడు.
వాచ్‌మన్ మంచోడైతే ఐదు.
బస్సు మొదటి మెట్టు పదహారు.
ఆ లెక్క నోటుబుక్కులో రాసి
కింద గీత గీసి వదిలేసినా.

అద్దెకున్న గదికి గడప ఐదున్నర.
పసుపు పూసి బొట్లు పెట్టిన గడప.
"లచ్చిందేవి కూర్చునే చోటు పాపా, కొట్టిస్తానా?"
అనింది ఇంటామె శేషమ్మ.
నేనూ కొట్టమన్లేదు.
దొరసామి మేస్త్రీ
మామిడికాయల పెట్టెల చెక్కలు ఏరుకొచ్చి
వాలుగా ఒక పలక చేసిచ్చినాడు.
ఎండ ముదిరితే ఇప్పటికీ కాయల వాసనొస్తుంది.
రాత్రి తాడు కట్టి లోపలికి లాక్కుంటా దాన్ని.
బయట వదిలితే ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోతారు,
తెల్లారి నేను లోపలే.

"ఒక్కదానివే ఎట్లుంటావు?"
స్టవ్వు నేలమీద పెట్టుకుని.
ఇంకేం చెప్పాలి?

స్టేషన్ ముందర ఒకాయన,
కొత్త గుండు, దానిమీద తడారని గంధం,
నా వొళ్ళో పది రూపాయలేసి
కళ్ళకద్దుకుని పోయినాడు.
వొళ్ళో ఉన్నది గిరాకీది, పట్టుజాకెట్టు గుడ్డ.
"సామీ" అని నేను తిరిగేలోపల
జనంలో కలిసిపోయినాడు.
తిరుపతిలో
ఏ గుండని వెతికేది?
ఆ పదితో సూదులు కొన్నా.
సూదులు మంచివే.

చిత్తూరుకు పోయిన రోజు
అడక్కుండానే నలుగురు లేపినారు నన్ను,
ఉత్సవమూర్తిని లేపినట్టు.
పెట్టెలో కూర్చోబెట్టి, చెమట తుడుచుకుని,
పుణ్యం వచ్చిందని నవ్వుకున్నారు.
రైలు కదిలింది.
కుర్చీ ప్లాట్‌ఫాం మీదే ఉంది.
పాకాల్లో దించినారు. మూడు గంటలు
సిమెంటు బెంచీ మీద, మూత్రం ఆపుకుని.
తర్వాతి బండికి వచ్చింది అది,
టికెట్టు లేకుండా, గార్డు పక్కన, దర్జాగా.
ఆ పొద్దు నుంచి చెప్పడం నేర్చుకున్నా:
ముందు కుర్చీ, తర్వాత నేను.
ముందు అడుగు, తర్వాత ఎత్తు.

గంగమ్మ జాతరప్పుడు మాత్రం
నన్నెవరూ తేరిపార చూడరు.
బొగ్గు పూసుకున్నోళ్ళు, సున్నం బొట్లోళ్ళు,
వేపమండలు కట్టుకున్నోళ్ళు,
చూడనీకి ఇంకా చానా ఉంటుంది వాళ్ళకు.
బుగ్గన కాటుక చుక్క పెట్టుకున్న బుడ్డోడు
చక్రం పట్టుకుని అడిగినాడు:
"అక్కా, నీదేం వేషం?"
"రోజూ వేసేదే" అన్నా.

అప్పుడొచ్చినాడు ఆ మీసాలాయన.
పెండ్లాం చీరేమో, వంకాయరంగు,
కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుని
పడతా లేస్తా.
"మే అక్కా, ఊడిపోతా ఉండాయి, రవ్వంత చూడు."
వేరే ఎవరైనా అయితే వంగాల.
నాకు వంగే పనిలే.
కండ్లకు సరిగ్గా ఎదురుగా
ఆ నడుం, ఆ గందరగోళం.
ఏడు మడతలు పెట్టి, పిన్ను గుచ్చి
"దోపుకునేది నువ్వే దోపుకో నాయనా" అన్నా.
పుట్టుకతోనా అని అడగలా.
ఏ ఆస్పత్రిలో చూపించినారని అడగలా.
"ఎంతిమ్మంటావు?" అన్నాడు.

ఎంతా?
రవ్వంతసేపు నోట మాట రాలా.
"పది."

ఇచ్చినాడు. అంతే కాదు, వెనక్కి తిరిగి అరిచినాడు:
"ఒరే, ఈడుండాదిరా టైలరు!"
ఇంకో మీసం, ఇంకో చీర.
ఇంకోటి.
పొద్దుగుంకేదాకా పదకొండు.

ఇంటికొచ్చి, పలక లోపలికి లాక్కుని,
నోటుబుక్కు తీసినా.
బస్సు మెట్టు కింద, పాత గీత కింద
రాసినా:
కుచ్చిళ్ళు, ముప్పై తొమ్మిది అంగుళాలు.
కూర్చున్న చోటికే అందుతాయి.

దాని కింద గీత గీయలా.