కాగితం పీల్చుకున్న ఇంజను

అయనావరంలో పొద్దున ఆరింటికి
ఎర్ర ఎల్ అక్షరం తగిలించుకుని బయల్దేరుతుంది నా కారు.
దానికి బ్రేకులు రెండు.
ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద,
ఒకటి నా భయం కింద.

రోజంతా ఒకటో గేరు, రెండో గేరు.
మూడోది పండక్కి కట్టే పట్టుచీర.
కీల్పాక్ సిగ్నల్ దాకా వెళ్ళడం, వణకడం, ఆగిపోవడం,
వెనక హారన్లు తిట్టడం,
మళ్ళీ తాళం తిప్పడం.
ఒళ్ళు వేడెక్కేలోపే పాఠం అయిపోతుంది.

మొన్న ఆయిలు మూత తీస్తే
అడుగున మీగడ.
పాలది కాదు, చల్లారిన కాఫీ మీద ముడతలు పడ్డ మీగడ.
బండి నిలిపిన చోటల్లా నల్లబొట్టు.
ఆయిలు కొలిచే పుల్ల దానంతటదే పైకి లేచి నిలబడేది
జవాబు తెలిసిన పిల్లలా.
నేనే పిలవలేదు.

పుదుప్పేటలో ఏకాంబరం.
వాళ్ళమ్మది చిత్తూరు వైపు.
ఆ తెలుగుని స్పానర్ల పెట్టె అడుగున దాచి
నేను వెళ్ళినప్పుడే తుడిచి బయటికి తీస్తాడు.
"పిస్టను ఎంత బిగువుగా ఉన్నా అమ్మా,
పక్క సందులోంచి కాస్త పొగ కిందికి జారద్ది.
అది ఆడే ఉంటే ఆయిలు చెడద్ది,
సీళ్ళు తన్నుకోని బయటికొచ్చద్ది.
అందుకని ఒక కిటికీ పెట్టినారు.
తన పొగ తానే పీల్చి కాల్చుకోడానికి."

బొటనవేలంత ప్లాస్టిక్ వాల్వు ఊడదీసి
నా చెవి దగ్గర ఆడించాడు.
"ఏమన్నా వినబడిందా?"
"ఏమీ లేదు."
"అదే జబ్బు."
మంచిదైతే మువ్వలో గింజలా టక్ టక్ మనాలట.

పాతదానిలాంటిదే కొత్తది మూడొందల యాభై.
ఆయన చేతిలో ఇంకొకటి ఉంది,
లోహపు ఒళ్ళు, ఉక్కు గోళీ, మెత్తటి స్ప్రింగు,
దారిలో ఆయిలు తుంపర పట్టుకోడానికి ఒక చిన్న డబ్బా,
డబ్బాకి అడుగున కుళాయి.
రెండు వేల నూరు.
"ఇంత చిన్నదానికా?" అన్నాను.
"ముక్కు మాత్రం ఎంతమ్మా ఉండేది?" అన్నాడు.

గొట్టం బిగిస్తుంటే కణుపు చీరుకుని
లుంగీ అంచుకి రక్తం తుడుచుకున్నాడు.
ఇంజను నడుస్తుండగానే ఆయిలు మూత తీసి,
"కాయితం ఉందా?" అని అడిగాడు.
సంచిలో దొరికింది ఒకటే.
వారం నుంచీ మడతపెట్టి తిరుగుతున్నది,
వెనకద్దానికి అంటించాలని నేనే రాసుకున్నది:
ఈ కారు అమ్మబడును.
దాన్ని ఆ నోటి మీద పెట్టాడు.
నిన్నటిదాకా అక్కడ ఏం పెట్టినా
ఉఫ్ మని ఎగరగొట్టిన నోరు
కాగితాన్ని పీల్చుకుని
అంగిలికి అంటించుకున్నట్టు పట్టుకుంది.
ఊడదీసేసరికి నా ఫోను నంబరు మీద
గుండ్రంగా ఆయిలు మరక.
ఆరు కనపడదు, తొమ్మిదీ కనపడదు.

"వారానికొకసారి దూరం తోలు.
లేదంటే నేనేం బిగించినా మళ్ళీ మీగడే."

అందుకని ఆదివారం మెహరున్నీసాని పాడి వంతెన ఎక్కించాను.
యాభై రెండేళ్ళు, కాన్పుల వార్డులో నర్సు.
వేలమందిని గట్టిగా ఊపిరి తియ్యమని అరిచిన మనిషి
స్టీరింగు పట్టుకుంటే తన ఊపిరి బిగబట్టేస్తుంది.
రెడ్‌హిల్స్ రోడ్డు మీద మూడో గేరు.
తర్వాత, నేను చెప్పకుండానే, నాలుగు.
అద్దంలో లారీలు చిన్నవవుతున్నాయి.
నా పాదం నా బ్రేకు మీద లేదని
చెరువుగట్టు దగ్గర గాని చూసుకోలేదు.

ఆపి, కుళాయి తిప్పితే
అరచెంచాడు గోధుమరంగు నీళ్ళు.
పెట్రోలు వాసన, కాస్త పుల్లటి వాసన.
ఇన్నేళ్ళూ ఇది ఎక్కడ తిరిగేదో.
ఏకాంబరానికి చూపిద్దామని మందుసీసాలో పట్టి
గేరు పక్కన పెట్టాను.

"కాఫీయా మేడమ్?" అంది మెహరున్నీసా.

"క్లచ్ మెల్లిగా వదలండి," అన్నాను.