అక్షరానికింత, పెట్టెకింత

కందుకూరు పామూరు రోడ్డులో
ముప్పయ్యేళ్ళు అక్షరానికింత అని రాశాను.
ఎరువుల కొట్టు, పళ్ళ డాక్టరు, చర్చి ప్రహరీ,
పొగాకు గోడౌన్ తలుపు మీద జానెడు నంబరు.
ఒత్తులకు వేరే డబ్బులు అడగలేదెప్పుడూ,
లక్ష్మిలో ‘క్ష్మి’ కూడా నా లెక్కలో ఒక్కటే.
ఫ్లెక్సీ వొచ్చాక కుంచెలు
కిరసనాయిల్ డబ్బాలో నిద్రపోతున్నాయి.

మొన్న బెంగుళూరు నుంచి ఒకామె ఫోను.
కాఫీ హోటలు గోడకి
చేత్తో రాసిన తెలుగు కావాలంట.
“మీ మెయిల్ ఐడీ?”
చెప్పాను: దేవసహాయం, చుక్క, పాలపర్తి,
ఏడు, ఒకటి, ఒకటి, సున్నా, తొమ్మిది.
చెప్తుంటే నాకే సిగ్గేసింది.
ఖైదీ చొక్కా మీద ఉంటాయే, అట్టాటి అంకెలు.

ఊరందరి పేర్లూ రాసినోడికి
సొంత బోర్డు లేదు.

నెట్ సెంటర్ ఖాజాబీ కొనిచ్చింది,
పాలపర్తి డాట్ ఇన్.
మనకి ఇంటిపేరు ముందు, మనిషి వెనక.
ఇక్కడ మనిషే ముందు నడుస్తాడు,
మధ్యలో తోక చుట్టుకున్న ఒక గుర్తు,
ఆ తర్వాతే ఇల్లు.
ఆ గుర్తుని పాత బిల్లు వెనక పదిసార్లు గీశాను.
మణికట్టు తిరిగే తీరు చూస్తే
మన ‘ఠ’కి దగ్గర చుట్టం.

“స్థలం కొన్నారు ఆర్టిస్టు గారూ,
ఉత్తరాల పెట్టె ఇంకా పెట్టలేదు.”

పెట్టెలు చూశాం.
ఒకడు పెట్టెకింత, నెలకింత అంటాడు,
ఏడాది డబ్బులు ముందే కట్టాలంట.
ఇంకొకడు తొలి ఏడు యాభై తొమ్మిదే
అని ఎర్రక్షరాల్లో, పక్కనే ఒక చుక్క.
అడుక్కి దిగమన్నాను.
‘షరతులు వర్తిస్తాయి’ అని
చీమ కాలంత సైజులో రాసిన చెయ్యి ఇది,
నాకు తెలీదా అక్కడేముంటదో!
రెండో ఏడు నాలుగింతలు.
ఊరకే ఇచ్చేవాడూ ఉన్నాడు.
ఉత్తరం వొస్తది,
జవాబు మాత్రం పాత అంకెల పేరుతోనే పోతది.
సొంత బోర్డు కొని
పక్కోడి అరుగు మీద నిలబడ్డట్టు.

“నచ్చకపోతే వొచ్చే ఏడు ఇంకోడికి మారుద్దాం,
అడ్రసు మారదు” అంది ఖాజాబీ.

అక్కడ ఆగాను.
జిల్లా మారినప్పుడు ఎన్ని బోర్డుల మీద
ప్రకాశం చెరిపి నెల్లూరు రాశానో.
మళ్ళీ ప్రకాశమే అంటే మళ్ళీ నిచ్చెన.
ఊరు అడుగు కదల్లేదు,
అడ్రసే అటూ ఇటూ తిరిగింది.

చివరికొకడు దొరికాడు.
జాగాకి లెక్క, పేర్లకి లెక్క లేదు.
పది జీబీ, ఏడాదికి తొమ్మిదొందలు,
ఎన్ని పెట్టెలైనా పెట్టుకోవచ్చు.
ఎన్నైనా?
ఎన్నైనా.
పేరుకి డబ్బులడగని వాణ్ణి
ఇదే చూడటం.

నాదొకటి. ఆర్డర్లకొకటి.
ఇంకోటి ఏసోబుకి పెట్టమన్నాను.
ముప్పయ్యేళ్ళు కింద నిచ్చెన పట్టుకున్నాడు,
ఏ బోర్డు మూలా వాడి సంతకం లేదు.
“ఆయన ఇంటిపేరు చాట్ల కదండీ?”
ఉండనీ అమ్మా, ఇంట్లో చోటుంది.
“మరి ఆయనకెవరు రాస్తారు?”
దానికి నేను జవాబు చెప్పలేదు.

ఏవో రికార్డులు మార్చింది ఖాజాబీ.
ఇరవైనాలుగు గంటలు పట్టొచ్చంట,
అందాకా ఏ ఉత్తరమూ రాదంట.
ఎనామిల్ ఆరడానికీ అంతేగా.

సాయంత్రం ఏసోబొచ్చాడు.
చదవలేడు, ఆకారాలు పోలుస్తాడు.
అద్దం మీద తన పేరు దాకా
వేలు తీసుకుపోతుంటే
అలవాటు కొద్దీ అరిచాను:
“ముట్టబాకరా, పచ్చిగుంది!”