మొగ

శ్రీకాకుళంలో ఆరూ నలభైకి బస్సెక్కితే
కళింగపట్నంలో దిగేసరికి
ఒళ్లో ఉన్న మోడల్ పేపర్లు దిద్దడం అయిపోతుంది.
గతుకులకి నా ఎర్ర టిక్కులు
కొన్ని పిట్టల్లా లేస్తాయి, కొన్ని కొడవళ్లవుతాయి.
అక్కణ్ణించి పేటకి ఆటో.
ఎండుచేపల వాసన, తడి వలల వాసన,
బడి గోడ మీద నేను వేసిన జిల్లా పటం.
దాంట్లో మా పేట లేదు.
సుద్దముక్కతో ఒక చుక్క పెట్టాను,
వానకి చెరిగినప్పుడల్లా
ఎవరో ఒక పిల్ల మళ్లీ పెడుతుంది.

గురువారం నాలుగో తరగతికి పరీక్ష.
జిల్లా మొత్తానికి ఒకటే కవరు, ఒకటే గంట,
ప్రశ్నకి నాలుగు సున్నాలు, ఒకదాన్ని నల్లగా నింపాలి.
మా పిల్లలు ఇసకలో కలుగు చూసి
పీత లోపలుందో లేదో చెప్పేస్తారు.
ఈ కలుగుల్లో మాత్రం
ఏదీ కదిలినట్టు కనపడదు వాళ్లకి.

పదకొండో ప్రశ్న:
వంశధార నది ఎక్కడ కలుస్తుంది?
కొండలో. చెరువులో. సముద్రంలో. అడవిలో.

సూరాడ ఎల్లాజీ పెన్సిలు కొరుకుతున్నాడు.
బడి వెనక దిబ్బెక్కితే కనపడే నది అది.
వాడి ఈత, వాడి అన్నం, వాడి దెబ్బలు అన్నీ అక్కడివే.
చెయ్యెత్తాడు.
"ఏ నెల్లో, టీచరూ?"

ఏ నెల్లో ఏమిట్రా?

"మాఘం దాటితే మొగ పూడిపోద్ది గదా.
ఇసక అడ్డమొచ్చి నీరు అక్కడే నిలబడిపోతాది.
మా అయ్యా, సిన్నాన్నా పారలు అట్టుకెల్లి
తవ్వితే గానీ సంద్రంలో కలవదు.
మరి ఏ సున్నా నింపమంతారు?"

గోడ గడియారం చూశాను.
ఇంకా పందొమ్మిది ప్రశ్నలు, పద్దెనిమిది నిమిషాలు.
"మూడోది నింపీ" అన్నాను.

పరీక్ష గదిలో టీచరు అనకూడని మాట, తెలుసు.
నన్ను గుచ్చింది అది కాదు.

నా మొదటి ఏడాది
ఇదే తరగతిని మొగ దాకా నడిపించాను.
ఇటు నీళ్లు నాలిక మీద, అటు నీళ్లు నాలిక మీద,
ఎక్కడ ఉప్పు మొదలైందో అక్కడ కర్ర పాతాం.
గంటకోసారి ఆ కర్ర మార్చాల్సొచ్చింది.
ఆ రోజు లెక్కలు చెప్పానో, సైన్సో, తెలుగో
ఇప్పటికీ తెలీదు.
ఇప్పుడు నాలుగింటి దాకా మోడల్ పేపర్లే.
పాటల గంట పోయింది. తోట గంట పోయింది.
బెండకాయలు ముదిరి పగిలి
గింజలు వాటంతటవే రాల్చుకున్నాయి.

గార మీటింగులో తెర మీద మండలం పటం,
పచ్చ బడులు, పసుపు బడులు, ఒక ఎర్ర చుక్క.
మా చుక్కే. ఎవరూ చెరపని చుక్క.
ఎంతమందో వెనక్కి తిరిగి నన్ను చూశారు.

అబద్ధమెందుకు,
మైలపిల్లి అచ్చెమ్మకి అక్షరాలు రావని
ఆ ఎరుపే నాకు చెప్పింది.
మూడేళ్లు పాఠాలన్నీ విని అప్పజెప్పి
నన్ను హాయిగా మోసం చేసింది గడుసుపిల్ల.
అందుకు దణ్ణం పెట్టాను.
పక్కన కూచోబెట్టుకుని "అ" దిద్దిద్దామంటే
సోమవారం ఇంకో కవరు వచ్చింది.

ఫలితాల్లో ఎల్లాజీకి పదకొండో ప్రశ్న ఒప్పు.
ఒక మార్కు.
ఆ తర్వాత వాడు చెయ్యెత్తలేదు.
నేను ఏం చెబితే అది నింపాడు.
మా చుక్క పసుపు రంగుకొచ్చిందని
హెచ్చెమ్ గారు లడ్డూలు పంచారు.
నేనూ తిన్నాను.

చైత్రంలో ఒక సాయంత్రం
మార్కులు ఎక్కించబోతే సర్వర్ తిరుగుతూనే ఉంది.
ఫోను సంచిలో పడేసి దిబ్బెక్కాను.
మొగ పూడిపోయి ఉంది.
ఇంత నది,
పది బారల ఇసక ముందు ఆగిపోయి.
పారలతో మగవాళ్లు, వాళ్ల వెనక
సత్తు బేసిన్‌తో ఇసక మోస్తూ ఎల్లాజీ.
నన్ను చూసి ఆగాడు.
ఏమీ అడగలేదు.

అలవాటుగా నా చెయ్యి
సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది,
దేనికో తెలీలేదు,
మళ్లీ లోపల పెట్టేశాను.