వరస

ఎబరిస్ట్‌విత్‌లో ఫిబ్రవరి.
సముద్రం రాత్రంతా రోడ్డు మీదికి గులకరాళ్లు విసురుతోంది.
మేం కొండ మీద, ఫిజిక్స్ భవనం నేలమాళిగలో
రేడియేటర్ మీద సాక్సులు ఆరేసుకుని
ఒక లోలకాన్ని ఊపాలని చూస్తున్నాం.

అసలు లోలకం పక్క గదిలోనే ఉంది.
ఇత్తడి గుండు, చేపల గాలం దారం.
వేలితో ఒక్కసారి నెడితే
ఎవరూ నేర్పకుండానే ఊగుతుంది,
అలిసిపోతే ఆగుతుంది.

నాది తెర మీద.
దానికి దారం పొడవు నేను చెప్పాలి,
కింద భూమి ఒకటుందని కూడా నేనే చెప్పాలి.
మొన్న మంగళవారం ఒక మైనస్ గుర్తు మరిచిపోతే
నా గుండు
ఆకాశానికి వేలాడింది.
కంప్యూటర్ నోరెత్తలేదు.
ఎద్దు ఈనిందంటే
దూడని కట్టెయ్యడానికి తాడు పట్టుకొచ్చే రకం అది.

స్కూల్లో అంతా సుఖమే.
"కోణం చిన్నదనుకో" అన్నారు, అనుకున్నాం,
మార్కులొచ్చాయి.
ఇప్పుడు దారాన్ని అడ్డంగా, భుజం ఎత్తుకి లాగి వదలమంటే
కాగితం చేతులెత్తేసింది.
ఇక మిగిలింది నడకే.
రెప్పపాటులో పదోవంతు ఒక అడుగు,
ఆ అడుగు మీద ఇంకో అడుగు,
గోడ పట్టుకుని నడిచే పిల్ల తప్పటడుగులు.

మూడే మూడు పంక్తులు.
భూమి ఎంత లాగుతోందో చూడు.
ఉన్న వేగంతో గుండుని జరుపు.
ఆపైన వేగం మార్చు.
మళ్లీ మొదటికి రా.

ఊగింది!
ఊగుతూ ఊగుతూ
ప్రతి ఊపుకీ వెంట్రుకవాసి పైకెక్కింది.
అర్ధరాత్రికి మేకు చుట్టూ గిరగిరా తిరుగుతోంది,
తాగినవాడి చేతిలో తాళాల గుత్తిలా.

డాక్టర్ ప్రాసర్ కోటు వేసుకుంటూ వంగి చూశారు.
"ఎవరు నెడుతున్నారమ్మా దాన్ని?"
అంతే. లైటు తీయకండి అని వెళ్లిపోయారు.

అడుగుని పది ముక్కలు చేశాను,
నూరు ముక్కలు చేశాను.
వడ్డీ తగ్గింది గానీ
అప్పు పెరగడం ఆగలేదు.

ఎలెరి వాళ్లది ట్రెగారన్ దగ్గర గొర్రెల పొలం.
చిప్స్ ప్యాకెట్ అడుగున ఉప్పు నాకుతూ
నా తెర చూసి నవ్వింది.
"మా గొర్రెలకున్న బుద్ధి లేదు దీనికి.
కుక్క కనబడితే అవి ముందు తల తిప్పుతాయి,
ఆ తిప్పిన వైపుకే కాలు వేస్తాయి.
ఇది ముందు పరిగెత్తేసి
తర్వాత తిరుగుతోంది."

నేను నవ్వలేదు.
మూడో పంక్తిని కోసి
రెండోదాని నెత్తిన అతికించాను.
ఒక్క అక్షరం కొత్తగా రాయలేదు.

స్వాన్సీ బజారులో తెలుగు మాట వినబడితే చాలు,
మా అమ్మ ముందు వరస కలుపుతుంది,
పిన్నీ అనో, వదినా అనో.
పేరడగడం ఆ తర్వాతే.
నాకెప్పుడూ తలవంపులుగా ఉండేది.

వెయ్యి ఊపులు.
పదివేల ఊపులు.
వదిలిన ఎత్తుకే వచ్చి
ఒక్క క్షణం ఆగి, వెనక్కి.
శక్తి గీత మాత్రం తిన్నగా లేదు,
నిద్రపోతున్న పిల్లి పొట్టలా
కాస్త లేస్తోంది, కాస్త దిగుతోంది.
ఆ అబద్ధం ఎంతో నాకు తెలుసు.
అది ఎక్కడికీ పారిపోదనీ తెలుసు.
ఎవరూ నెట్టడం లేదు డాక్టర్ గారూ,
అని ఖాళీ కుర్చీకి చెప్పాను.

ఆరున్నరకి కొండ దిగాం.
గాలి పడిపోయింది.
పియర్ కింద పడుకున్న గోరింకలు
వేలకొద్దీ ఒక్కసారి లేచి, ఒక్కసారి తిరిగి
లోయ వైపు పోయాయి.
"వాటి అడుగెంత?" అంది ఎలెరి.
లెక్క కట్టబోయి మానేశాను.

తీరం దారి చివర ఇనప కమ్మీని
కాలితో తన్ని రావడం ఇక్కడివాళ్ల ఆనవాయితీ.
తన్నాను.
బూటులోకి చల్లటి నీళ్లు.
అప్పుడు గుర్తొచ్చింది,
సాక్సులు రేడియేటర్ మీదే.