కుట్టులో వదిలిన గుడ్డ

అడ్డగుట్టలో, పిండిగిర్నీ మీది గది.
బ్యాంకువాళ్లు వదిలించుకున్న ఐదు కంప్యూటర్లు,
ఎదురుగా ఎనిమిది కుట్టుమిషన్లు,
అన్నిటికీ కలిపి ఒక్కటే మీటరు.
నేను స్విచ్చి వేసినప్పుడల్లా
కింద గిర్నీ గొంతు సవరించుకుంటుంది.

మొదటిది లేవలేదు.
తేదీ అడిగితే రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి అంది.
మోండా మార్కెట్లో గడియారాలాయన దగ్గర
ఇరవై రూపాయల బిళ్ల బ్యాటరీ తెచ్చి పెట్టాక
పదహారేళ్లు ఒక్క గుక్కలో మింగి
ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నది
ముఖం తెలియనివాళ్లు ఎందరో రాసిన లినక్సే.
మూడు నెలలుగా రాత్రుళ్లు దాన్ని విప్పుతున్నాను,
అక్కర్లేనివి పీకేసి, తెలుగు ఎక్కించి,
తోచినట్టు మళ్లీ అతుకుతున్నాను.
"రెడీమేడ్‌ది ఎవ్వలకూ సరిపోదు సారూ,"
దారం కొస పళ్లతో తెంపుతూ అంది బాలమణి,
"భుజాల కాడ వదులు, చంకల కాడ బిగువు.
గందుకే గద మేం బతుకుతున్నం."
ఆ పూటే దానికి పేరు కుదిరింది: కుట్టు.
వెర్షన్ సున్నా పాయింట్ ఒకటి.

ఏ ఊరు అని అడిగింది ఇన్‌స్టాలర్.
పటం మీద ఎక్కడ నొక్కినా కోల్‌కతా.
"మన హైదరాబాద్ లేదా?"
లేదు. టైం ఒకటే కదా అన్నాను.
"టైం ఒకటైతే ఊరు ఒకటైతదా?" అంది ఫర్హానా.
జవాబు దొరక్క 'తర్వాత' నొక్కాను.
ఆ 'తర్వాత' నేను పెట్టిందే.
'ముందుకు' అనాలా అని వారం రోజులు తన్నుకున్నాను.

మాటలతోనే వచ్చింది చిక్కంతా.
మొరాయించిన ప్రోగ్రాంను ఆపే చోట
పాత అనువాదకుడెవరో 'చంపు' అని రాసి పోయాడు.
పోయిన నెల అది చూసి
నర్సమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.
తెర గడ్డకట్టి ఉంది,
సాయంత్రం దాకా దానికి ఎదురుగా కూర్చుంది,
నొక్కలేదు.
ఇప్పుడక్కడ 'ఆపు' అని ఉంటుంది.

నూట అరవై జీబీ డిస్కు.
ఇంత సిస్టంకి, అంత లెక్కలకి అని
గీత జరుపుతుంటే కళ్లద్దాలు తుడుచుకుని
ముందుకు వంగింది బాలమణి.
"మొత్తం కోస్తున్నవా? కుట్టు లోపట గుడ్డ వదలవా?
పిల్ల ఎదుగుతది, మనిషి లావైతది.
రేపు విప్పి వదులు చేయనీకి ఏముంటది?"
చదివిన సంగతే. ఎప్పుడూ చెయ్యలేదు.
ఇరవై జీబీ ఎవరి పేరా రాయకుండా వదిలాను.

అరవై ఏడు శాతం దగ్గర కరెంటు పోయింది.
చీకట్లో ఎవరో చాయ్ పోశారు.
లాలాగూడ వైపు రైలొకటి
పోనా వద్దా అన్నట్టు కూత వేసింది.
మళ్లీ మొదటి నుంచి.

ఎక్కాక, సంఘం పేరు కొట్టమన్నాను ఫర్హానాని.
'స్త్రీల' దగ్గర విరిగింది.
స ఒకచోట, త వత్తు చుక్కల సున్నా మీద,
ర వత్తు చెప్పకుండా పక్కవీధికి.
ఫాంట్లు ఎక్కించడం మరిచిన తెలివితక్కువవాణ్ణి నేనే.
నా ఫోన్ తీగ తగిలించి అవి దించుకుంటుంటే
అందరూ మిషన్లు ఆపి చూశారు.
వత్తులు ఒక్కొక్కటే వచ్చి
వాటి కిందికి అవి చేరాయి.

తర్వాత పాస్‌వర్డ్.
కొట్టిన అక్షరానికల్లా ఒక చుక్క.
"సారూ, నువ్వు చూడొస్తదా?"
చూడలేను. మార్చగలను.
"అట్లయితే మార్చే తాళం గూడ మేమే పెట్టుకుంటం.
జర కిటికీ దిక్కు తిరుగు."

తిరిగాను.
ఎదురు డాబా మీద ఎవరిదో పచ్చ లంగా ఆరుతోంది.
వెనక గుసగుసలు, ఒక్కొక్క మీటా నొక్కుడు,
పదకొండో పన్నెండో, లెక్క తప్పాను,
తర్వాత నవ్వు. ఆగని నవ్వు.
ఏం పెట్టారో ఇప్పటికీ తెలియదు.

మూడోదాంట్లో మాత్రం సౌండ్ రావట్లేదు.
వారం తర్వాత వెళ్లి సరిచేద్దామని కూర్చుంటే
పాస్‌వర్డ్ అడిగింది.
బాలమణి కత్తెర పక్కన పెట్టి లేచింది.
"కిటికీ దిక్కు," అంది.