లామారా కొట్టేసిన వాక్యాలు

పేజీకి ఒక నిమిషం లెక్క.
మా దగ్గరున్న డబ్బు తొమ్మిది నిమిషాలకి.
నేను రాసింది పధ్నాలుగు పేజీలు.

చియాతురాలో చలికాలం. కొండ మీద గని, కింద ఊరు,
నడుమ ఇనుప తాడుకి వేలాడే పెట్టె.
ముప్పయ్యొక్క ఏళ్లుగా దాన్ని నడిపే లామారా
నా కథానాయిక.
ఆమె నోట మూడు పేజీల మాటలు పెట్టాను:
మాంగనీసు గనిలో పోయిన భర్త గురించి,
ఆకాశానికీ మట్టికీ మధ్య బతకడం గురించి.
రాస్తుంటే నా కళ్లే చెమర్చాయి.
అప్పుడే అనుమానించాల్సింది.

కళ్లజోడు ముక్కు చివరికి జార్చి
వేలు తడి చేసుకుంటూ చదివింది.
టిక్కెట్ల మీద గీతలు పెట్టే నీలం పెన్సిలు తీసి
"ఈవిడెవరు?" అంది.
"మీరే."
"నేనింత మాట్లాడుతూ కూచుంటే పెట్టెనెవరు ఆపుతారు?"

గీత. ఇంకో గీత.
చిక్కుడు గింజల్లో పుచ్చులేరినట్టు
నా ఉపమానాలన్నీ ఏరి పారేసింది.
మిగిలింది ఒక్కటే:
"తలుపు వేయండి."

తర్వాత టీలో అత్తిపండు మురబ్బా కలుపుతూ
ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది:
గూరమ్ పోయిన మర్నాడు పొద్దుటి షిఫ్టు తనదే.
అతని జట్టువాళ్లు ఎక్కారు, పదకొండు మంది.
కిటికీ పక్క చోటు వదిలేసి
ఒకరి భుజాలొకరికి గుచ్చుకునేలా నిలబడ్డారు.
"అంతేనా?"
"అంతే. తలుపు వేయమన్నాను. వేశారు."

ఆ రాత్రి రొట్టెల బట్టీ మీది గదిలో కూచున్నాను.
తల్లడిల్లింది, కుమిలింది, జ్ఞాపకం చేసుకుంది:
ఈ క్రియలేవీ కెమెరాకి అర్థం కావు.
అది మొద్దు పిల్ల, చూపిస్తేనే చూస్తుంది.
రాశాను:

లోపల. కేబుల్ కారు. తెల్లవారుజాము.
పదకొండు మంది. కిటికీ పక్కన ఎవరూ లేరు.
తాడు కిర్రుమంటుంది.

మూడు పేజీల్లో ఎంత చంపినా చావని గూరమ్
ఈ మూడు పంక్తుల్లో చచ్చిపోయాడు.

మొత్తం ఆరుంబావు పేజీలు తేలింది.
"బాగానే ఉంది, కథెక్కడ?" అన్నాడు
ఫోన్లో తోర్నికే, డబ్బు అతనిది.
కిటికీలోంచి చూశాను.
ఆఖరి పెట్టెలో దీపం కొండెక్కుతోంది,
ఆరకుండానే.

మిగిలిన రెండుముప్పావు నిమిషాలూ
తాడు చప్పుడుకి ఇచ్చేద్దామన్నాను.
అవతల మాట లేదు.
అలవాటుగా గడియారం చూశాను:
పంతొమ్మిది సెకన్లు.
బాగుంది.
అంతకన్నా లాగకూడదు.