రెండు వందల పన్నెండో పేజీ

గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
గేటు బయట తోతాపురి లారీలు
బంగారుపాళ్యం రోడ్డు పొడుగునా.
బాయిలర్ పక్కన స్టూలేసుకుని నేనూ,
చిత్తూరు లైబ్రరీ పుస్తకమూ.

కథలో కంప్యూటర్లు నేర్చిన పిల్ల ఒకతి
దిగుడుబావి మెట్లు లెక్క తప్పి దిగి
రెండు వందల ఏండ్లు వెనక్కి పోయింది.
పాళెగాడి పక్కన నిలబడి
కిస్తు కట్టం పొమ్మనింది.
దొర గుడారం అంటించింది. బాగానే ఉంది.
పాళెగాడికి ఉరి పడితే
మూడుసార్లు కాలాన్ని వెనక్కి తిప్పి
మూడోసారి దక్కించుకునింది.

మరి నీళ్ళ తిత్తి మోసిన పిల్లోడు?
రెండు వందల పన్నెండులో ఒకటే వాక్యం:
తూటా తగిలి ఒక కుర్రాడు కూలాడు.
అంతే.
వాడి కోసం ఎవురూ బావి దిగలేదు.

పోయినేడు స్టీము పైపు పగిలిన పొద్దు
పేపరోళ్ళు మా మునిశేఖరను
ఒక కార్మికుడు అని రాసినారు.

పేజీలు వెనక్కి తిప్పినా.
పిల్లోడు మొదట కనపడేది ముప్పై ఎనిమిదిలో,
కోట గోడ నీడన తిత్తికి కుట్లేసుకుంటా,
ఈల ఏసుకుంటా.
పెన్సిలు తీసి అంచున రాసినా,
మునిశేఖరా, ఈ రేయి బురుజు కాడికి పోబాకు.

మళ్ళీ ఆడి నుంచి చదువుకుంటా వచ్చినా,
మెల్లింగా, వేలు పెట్టుకుని.
రెండు వందల పదకొండు కాడ సైరన్ కూసింది.
మడత పెట్టి మూసేసినా.

పుస్తకం రేపే వాపసియ్యాల.
గడువు దాటితే దినానికి రూపాయి.

కడతా.